పులిజూదానికి బండ ఏదైతేనేం?

అనంతపురంలో ఇలాంటి ఇల్లు ఏ వీధిలోనైనా ఉంటుంది. ముందు గదిలో ఓ మూల కంప్యూటరు. ఏడెనిమిదేళ్ల కిందట అక్క ఇంజినీరింగులో చేరినప్పుడు సెకండ్‌హ్యాండులో కొన్నది. అక్క చదువు ముగించుకుని బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయింది. కంప్యూటరు తమ్ముడి చేతికొచ్చింది. సాయంత్రం ఇంటర్ పాఠాలు, రాత్రి ఓ గంట ఆట. ఒకరోజు తెర మీద ఓ హెచ్చరిక... విండోస్ 10కి మద్దతు ముగిసింది అని!

"ఏమైందిరా దానికి? బాగానే నడుస్తాంది కదా" అన్నాడు నాయన.

"నడుస్తాంది నాయనా. కానీ కంపెనీవాళ్లు ఇంక దీన్ని పట్టించుకోరంట. కొత్త విండోస్ ఈ డబ్బాలోకి ఎక్కదంట. వేరేది కొనాల్నంట."

"ఎంతవుతాది?"

"ముప్పై, నలభై వేలు."

నాయన కాసేపు మాట్లాడలేదు. "శెనక్కాయ చేతికొచ్చినాక చూద్దాంలే" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఈ జిల్లా పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సంగతి విని అక్క ఫోన్లోనే తేల్చేసింది. "కొత్తది ఎందుకురా? లినక్స్ వేసుకో. పైసా ఖర్చు లేదు. పాతదాంట్లోనే హాయిగా నడుస్తుంది." తమ్ముడి నుంచి వచ్చిన జవాబు ఒక్కటే... "నా ఆట దాంట్లో రాదు కదక్కా!"

చూడటానికి చిన్న మాట. కానీ వేలకు వేలు పోసి కొత్త కంప్యూటరు కొనాలా, ఉన్నదాన్నే వాడుకోవాలా అన్నది ఆ ఇంట్లో తేలాల్సింది ఆ మాట దగ్గరే. స్ట్రాటజీ గేములు తయారుచేసే కంపెనీలు వాటిని లినక్స్‌కు కూడా విడుదల చేయాలా అన్న ప్రశ్న ఎక్కడో అమెరికాలో కంప్యూటరు పండితులు వాదించుకునేదిగా కనిపిస్తుంది. నిజానికి అది మన ముందు గదిలోని ప్రశ్న కూడా.

డబ్బా బాగుంది... కాలం చెల్లింది!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. అంటే కంప్యూటరు ఆగిపోతుందని కాదు. కొత్త వైరస్‌లు వచ్చినప్పుడు తలుపులకు కొత్త గడియలు బిగించే పని కంపెనీ ఇక చేయదని. ఇళ్లలో వాడుకునేవారికి మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకూ, నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. మరి విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ప్రాసెసరు కూడా కంపెనీ జాబితాలో ఉండాలి. 2017కు ముందు తయారైన పీసీల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది, కీబోర్డు పనిచేస్తోంది... అయినా కాలం చెల్లినట్టే!

ఇక్కడే లినక్స్ అక్కరకొస్తుంది. ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోకైనా ఎక్కించుకోవచ్చు. పాత యంత్రాల కోసమే రూపొందించిన తేలికపాటి రకాలూ ఉన్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటరు పాఠాలు నేర్చుకునేది దీనిమీదే. మన తెలుగులోనూ హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగు మాటలతో తీర్చిదిద్దే పని ఏళ్ల తరబడి చేస్తున్నారు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 'విండోస్ మాత్రం కొన్నామా ఏంటి, కంప్యూటరుతోపాటే వచ్చింది కదా' అనుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. సెకండ్‌హ్యాండు పీసీలో రిపేరు కుర్రాడు ఎక్కించి ఇచ్చినది చాలాసార్లు దొంగ కాపీ. ఆట కూడా ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినదే. వైరస్‌లకు రాచబాట అదే. ఉచితంగా, న్యాయంగా దొరికేది పక్కనే ఉన్నా అటు వెళ్లనివ్వకుండా పట్టి ఉంచుతున్నది ఆఫీసు పనో, చదువో కాదు... ఆట!

ఎత్తుకు పైఎత్తు

స్ట్రాటజీ గేమ్ అంటే మరేదో కాదు. చేతివేగం కన్నా బుర్రకు పని ఎక్కువ పెట్టే ఆట. మన రచ్చబండ మీది పులిజూదం అదే కోవది. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి బలముంది, మేకలకు సంఖ్య ఉంది. తొందరపడి ఒక మేకను ముందుకు తోస్తే పోయినట్టే. నాలుగు ఎత్తులు ముందుగా చూసినవాడిదే గెలుపు. కంప్యూటర్లోనూ అంతే. 1999లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'లో తిండి, కలప, బంగారం, రాయి... ఈ నాలుగింటినీ పోగుచేసుకుంటూ ఊరిని కట్టాలి, కోటను కాపాడుకోవాలి. ఉన్నదంతా సైన్యానికే పెడితే తిండికి కరవు. తిండికే పెడితే కోట శత్రువు పాలు.

ఉన్న కొద్దిపాటిని దేనికెంత పెట్టాలన్న లెక్క అనంతపురం రైతుకు కొత్తగా నేర్పాలా? దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. తొలి పదునుకే విత్తేయాలా, ఇంకో వాన కోసం ఆగాలా? ఉన్న బోరును నమ్ముకోవాలా, అప్పు చేసి ఇంకోటి వేయించాలా? పక్క చేను వాళ్లు లోతుగా తవ్వితే మన నీళ్లు ఏమవుతాయి? ప్రతి ఖరీఫూ ఒక ఎత్తే. ఓడితే మాత్రం మళ్లీ మొదటి నుంచి ఆడుకునే బటన్ ఉండదు.

ఆ లెక్కనే ఆటగా మార్చి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆడించారు కూడా. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కలిసి చేసిన ప్రయత్నమది. అయిదుగురు కూర్చుంటారు. తక్కువ నీళ్లు తాగి తక్కువ డబ్బులిచ్చే పంటా, ఎక్కువ నీళ్లు తాగి ఎక్కువ డబ్బులిచ్చే పంటా... ప్రతి విడతలో ఎవరి నిర్ణయం వారిది. కింద నీళ్లు మాత్రం అందరివీ. అందరూ లాభం పంటే ఎంచుకుంటే కొన్ని విడతలకే నీళ్లు అడుగంటుతాయి. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అదే కార్యక్రమంలో ఉన్న ఇతర ఊళ్లతో పోలిస్తే ఈ ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకున్నవీ, భూగర్భ జలాల వాడకానికి నియమాలు రాసుకున్నవీ ఎక్కువ. ఆటతోనే నీళ్లు ఊరిపోవనీ ఆ పరిశోధకులు స్పష్టంగానే చెప్పారు. అయితే పక్కవాడి బోరుకూ మన బోరుకూ ఉన్న లంకె కళ్లకు కట్టడానికి ఆట పనికొచ్చింది.

అందుకే 'ఆటే కదా' అని తీసిపారేయడానికి లేదు. మంచి స్ట్రాటజీ గేమ్ అంటే ఓడినా ఇల్లు మునగని చోట నిర్ణయాలు తీసుకోవడం నేర్పే బడి. ఆ బడికి వెళ్లాలంటే ఫలానా కంపెనీ గేటు గుండానే రావాలనడం సబబేనా?

చేతులు కాల్చుకున్న లోకి

గేముల కంపెనీల గోడు కూడా వినాలి. 'విడుదల చేయండి' అని అడగడం తేలిక. చేసినవాళ్లు ఏమయ్యారు?

1998లో అమెరికాలో స్కాట్ డ్రేకర్ అనే ఆయన లోకి సాఫ్ట్‌వేర్ పేరుతో ఓ కంపెనీ పెట్టారు. విండోస్‌లో పేరొచ్చిన ఆటలను లినక్స్‌కు మార్చి అమ్మడమే వ్యాపారం. 1999లో తొలి ఆటగా ఎంచుకున్నది స్ట్రాటజీ గేమే... 'సివిలైజేషన్: కాల్ టు పవర్'. తర్వాత 'రైల్‌రోడ్ టైకూన్ 2', 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3', 'ఆల్ఫా సెంటారి' లాంటివీ తెచ్చారు. పేరొచ్చింది. డబ్బు రాలేదు. 2001లో దివాలా పిటిషన్ వేసి, 2002 జనవరి చివర్లో తలుపులు మూసేశారు. కొనేవాళ్లు తక్కువ, చాకిరీ ఎక్కువ అన్న పాఠం పరిశ్రమకు చాలాకాలం గుర్తుండిపోయింది.

ఆ చాకిరీ ఏమిటంటే... లినక్స్ ఒక్కటి కాదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్ అంటూ ఎన్నో రకాలు. ఒకదాంట్లో నడిచింది ఇంకోదాంట్లో మొరాయించవచ్చు. కొనేది వందలో ముగ్గురైనా ఫిర్యాదులకు సమాధానం చెప్పడానికి మనిషిని పెట్టాల్సిందే.

స్ట్రాటజీ గేములకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. నెట్‌లో నలుగురు కలిసి ఆడేటప్పుడు తెర మీది వేల మంది సైనికుల కదలికలన్నీ ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పంపరు. పంపితే లైను సరిపోదు. 'ఈ దళం అటు వెళ్లాలి' అన్న ఆజ్ఞ మాత్రమే వెళ్తుంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరి కంప్యూటరు అది లెక్కేసుకుంటుంది. పాత డయలప్ మోడెమ్‌ల మీదే 1,500 మంది విలుకాళ్లతో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' యుద్ధం నడిచిందంటే కిటుకు ఇదే. కానీ అన్ని కంప్యూటర్లలోనూ లెక్క దశాంశం తేడా లేకుండా రావాలి. రెండు పంచాంగాల్లో గణితం కాస్త తేడా వస్తే ఒకదాంట్లో పండగ ఈరోజు, ఇంకోదాంట్లో రేపు అవుతుంది చూడండి... అలా ఒకరి తెర మీద కోట కూలిపోతే ఇంకొకరి తెర మీద నిలబడే ఉంటుంది! 2015లో లినక్స్‌కు వచ్చిన 'కంపెనీ ఆఫ్ హీరోస్ 2'లో అందుకే విండోస్ వాళ్లతో కలిసి ఆడే వీలు లేకపోయింది. ఆట వచ్చింది, ఆడేందుకు తోడు దొరకలేదు.

గాలి మళ్లింది

లోకి మూతపడ్డాక దాదాపు పదేళ్లు పెద్ద చప్పుడు లేదు. కంప్యూటరు ఆటలకు అతిపెద్ద ఆన్‌లైన్ దుకాణం 'స్టీమ్'. దాన్ని నడిపే వాల్వ్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు దారి తెరిచింది. మరుసటి ఏడాది 'సివిలైజేషన్ 5' లినక్స్‌కు వచ్చింది. స్వీడన్ కంపెనీ పారడాక్స్ తన చరిత్ర ఆటలు 'యూరోపా యూనివర్సాలిస్ 4', 'క్రూసేడర్ కింగ్స్ 3' వంటివాటిని లినక్స్‌కూ ఇచ్చింది.

అసలు మలుపు 2018 ఆగస్టులో. వాల్వ్ 'ప్రోటాన్' అనే ఉపకరణం తెచ్చింది. విండోస్ కోసం రాసిన ఆట అడిగే ప్రశ్నలకు లినక్స్ భాషలో జవాబిప్పించే దుబాసీ అది. 1993 నుంచీ ఎందరో కలిసి తయారుచేస్తున్న 'వైన్' అనే సాఫ్ట్‌వేరే దానికి పునాది. దీంతో కంపెనీ వేరే కాపీ తయారుచేయకపోయినా వేలాది విండోస్ ఆటలు లినక్స్‌లో నడవసాగాయి. 2022లో లినక్స్‌తో నడిచే 'స్టీమ్ డెక్' అనే చేతిలో ఇమిడే ఆటపెట్టె వచ్చాక, కంపెనీలు తమ ఆట ప్రోటాన్‌లో నడుస్తోందో లేదో చూసుకోక తప్పలేదు. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో 3 శాతం దాటింది. చిన్న అంకెే అనిపించినా, కోట్లమంది వచ్చిపోయే దుకాణంలో నూటికి ముగ్గురంటే చిన్న గుంపు కాదు.

1999లో లినక్స్‌కు మార్చడానికి ఒక కంపెనీయే పుట్టి, మునగాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదే వంశపు 'సివిలైజేషన్ 7' విండోస్‌తోపాటే లినక్స్‌కూ విడుదలైంది. పాతికేళ్లలో వచ్చిన తేడా అది.

ఎవరినీ అడగక్కర్లేని ఆటలు

కంపెనీల కోసం ఎదురుచూడకుండా తామే తయారుచేసుకున్నవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టిన 'ఫ్రీసివ్' 1996లో బయటికొచ్చింది. 2003లో వచ్చిన 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్' వంతులవారీగా ఆడే ఆట, పాత కంప్యూటరులోనూ నడుస్తుంది. 'జీరో ఏడీ' అనేది ప్రాచీన రాజ్యాల యుద్ధం. అందులో మన మౌర్యులూ ఉన్నారు, ఏనుగులతో సహా! ఇవన్నీ ఉచితం. లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. తెలుగు మాటలు పెట్టుకుంటామన్నా, కొత్త పటం గీసుకుంటామన్నా అడ్డు చెప్పేవాళ్లు లేరు.

'వార్‌జోన్ 2100' కథ ఇంకా విచిత్రం. 1999లో వచ్చిన ఈ ఆటను తయారుచేసిన కంపెనీ మూతపడింది. 2004లో దాని కోడ్‌ను అందరికీ వదిలేశారు. అభిమానులు పట్టుకుని బాగుచేస్తూ వచ్చారు. కంపెనీ పోయింది, ఆట బతికింది.

మరి విడుదల చేయాలా?

చేయాలి. మిగతా ఆటల సంగతి ఎలా ఉన్నా స్ట్రాటజీ గేములు ముందుగా చేయాలి. కారణం వాటి స్వభావంలోనే ఉంది. తుపాకుల ఆటకు ఏటా కొత్త హంగు, కొత్త గ్రాఫిక్ కార్డు కావాలి. ఎత్తుల ఆటకు ముసలితనం ఆలస్యంగా వస్తుంది. 1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'కు 2019లో కొత్త హంగులు దిద్దితే జనం మళ్లీ ఎగబడ్డారు. 2022లో ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులతో భారతీయ భాగం కూడా చేర్చారు. మధ్యలో ఎన్ని విండోస్‌లు వచ్చి పోయాయో! అంతకాలం బతికే ఆటను ఒక్క కంపెనీ గడువుకు కట్టేస్తే నష్టం ఆడేవాడికే కాదు, తయారుచేసినవాడికి కూడా.

అలాగని ప్రతి చిన్న కంపెనీ నెత్తినా వేరే లినక్స్ కాపీ భారం వేయడం న్యాయం కాదు. శ్రద్ధ లేకుండా చేసి వదిలేసిన లినక్స్ కాపీ రెండేళ్లకే నడవకుండా పోతే లేనిదానికన్నా అధ్వానం. చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, సొంత కాపీ చేయలేకపోతే ప్రోటాన్‌లోనైనా విడుదలకు ముందే పరీక్షించి, నడుస్తుందో లేదో అమ్మే చోటే చెప్పాలి. కొన్నాక తెలుసుకునే ఖర్మ పట్టకూడదు. రెండు, దొంగాట పట్టుకునే సాఫ్ట్‌వేర్ పేరుతో లినక్స్ వాళ్లను గుంపుగా బయటికి గెంటకూడదు. మూడు, ఆట మీద ఇక పెట్టుబడి పెట్టలేమనుకున్న రోజున వార్‌జోన్ లాగా కోడ్ వదిలేయాలి. మొదటి రెండింటికీ పెద్దగా ఖర్చు కాదు. మూడోదానికి మనసుండాలి.

మనవైపు నుంచి కూడా ఒకటుంది. దొంగ కాపీ ఆడేవాడు ఏ కంపెనీ లెక్కలోనూ ఉండడు. లినక్స్‌లో ఆడతామని అడిగేవాళ్లు తగ్గింపు ధరలోనైనా సరే డబ్బిచ్చి కొంటేనే ఆ 3 శాతం పెరుగుతుంది. వాళ్ల మాటకు విలువ వస్తుంది.

ఇంకో సంగతి. 'గేమ్ డెవలపర్లు' అంటే అమెరికా, స్వీడన్ల వాళ్లే అనుకోనక్కర్లేదు. ఆటలు తయారుచేసే 'గోడో' అనే ఉపకరణం 2014 నుంచీ అందరికీ ఉచితం. లినక్స్‌లోనే నడుస్తుంది, విండోస్‌కూ లినక్స్‌కూ ఒకేసారి ఆటను తయారుచేసి ఇస్తుంది. అనంతపురంలో ఇంజినీరింగు చదివే పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? చెరువు, బోరు, శెనక్కాయ, ఆలస్యమైన వాన, పక్క చేను రైతు... ఇంతకన్నా పదునైన స్ట్రాటజీ గేమ్ ఏ దేశంలో దొరుకుతుంది?

ఇక ఆ ముందు గదిలోకి వస్తే... అక్క సెలవుకు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ తెచ్చింది. పాత విండోస్‌ను కదిలించకుండా పక్కనే ఎక్కించింది. తమ్ముడి ఆటకు లినక్స్ కాపీ లేదు. ప్రోటాన్‌తో ఆడేవాళ్లు ఉన్నారు గానీ దానికి అసలు కాపీ కొనాలి. పండక్కి తగ్గింపు వచ్చినప్పుడు కొనిస్తానని అక్క మాటిచ్చింది. అప్పటిదాకా 'జీరో ఏడీ'లో మౌర్యుల ఏనుగులతో సర్దుకోమంది.

మంచం మీద కూర్చుని అంతా చూస్తున్న నాయనకు ఒకటే అర్థం కాలేదు.

"ఆట ఒకటే కదా. ఈ డబ్బాలో అయితే వస్తాది, ఆ డబ్బాలో అయితే రాదు అంటే ఎట్లరా? మేము పులిజూదం ఆడేటప్పుడు బొగ్గుముక్కతో గీసుకుంటే అయిపోయేది. బండ ఎవరిదని ఏ పులీ అడగల్యా!"